మగ్గమునకు మూలధనము

గ్రామపెద్దలారా!

చిన్న పరిశ్రమలకు మూలధన మెట్లు సమకూడును, క్రొత్త పద్ధతులు పల్లెలో నెట్లు నెలకొనును అనునది నేటి నా ప్రసంగ విషయము. ఇది పట్టణపు వర్తకుల గొడవ యని తలంపవలదు. కుమ్మరి చక్రము మార్చుకొనదలచినను, నేతగాడు మగ్గము మార్చుకొనదలచినను, ఒక స్త్రీ రెండు గేదెలతో పాలవ్యాపారము పెట్టదలచినను, వారు మొదట వచ్చి నిలుచునది మీ గుమ్మము ముందరనే. హామీ యుండుమనియో, ఈ పని సాగునా యనియో మిమ్ములనే యడుగుదురు. మీరు చెప్పు నొక్క మాటపై ఒక కుటుంబపు పదియేండ్ల బ్రతుకు ఆధారపడియుండును. కావున ఆ మాట చెప్పుటకు ముందు, మన ప్రాంతపు చరిత్ర మేమి బోధించుచున్నదో పరికింతము.

నందవరమనగానే కొందఱికి బనగానపల్లె సమీపమున చౌడేశ్వరీదేవి వెలసిన నందవరము స్ఫురించును. నేను చెప్పునది ఎమ్మిగనూరునకు కొద్ది కోసుల దూరమున, తుంగభద్రకు దక్షిణముగ నున్న నందవరము. ఈ నందవరము, ఎమ్మిగనూరు, ఆదోని ఒకే నేలకు బిడ్డలు. ఆదోని తాలూకా చిరకాలము మదరాసు రాజధానిలో బళ్లారి జిల్లా భాగమై యుండి, 1953 అక్టోబరు 1వ తేదీని ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు కర్నూలు జిల్లాలో చేరినది. ఇచటి నల్లరేగడి ప్రత్తికి పుట్టినిల్లు. ఆదోని ప్రత్తిబజారు దేశమంతట పేరు గన్నది. ఎమ్మిగనూరు ప్రాంతమున కుర్ని, పద్మశాలి, తొగట మున్నగు కులములవారు తరతరములుగా మగ్గమునే నమ్ముకొని జీవించిరి.

ప్రత్తి పండించువా డొకడు. గింజ తీయించువాడు మఱియొకడు. నూలు వడకు మిల్లొకచోట. బట్ట నేయు మగ్గ మింకొకచోట. ఈ వరుసలో నేతగాడు కడపటివాడు. ప్రత్తి ధర హెచ్చినచో నూలు ధర హెచ్చి వానిని బాధించును. వానలు లేక ప్రత్తి పండనిచో, రైతు చేత డబ్బాడక బట్ట కొనువాడు లేక మఱల వానినే బాధించును. 1876 మొదలు 1878 వఱకు వ్యాపించిన దారుణ క్షామమున బళ్లారి, కర్నూలు జిల్లాలు మిక్కిలి నలిగినవి. తిండిగింజల ధర మండినపుడు జనులు మొదట మానుకొనునది క్రొత్తబట్ట. అందుచే కఱవునందు రైతుకంటె ముందే నేతగాని పని నిలిచిపోవును. రైతునకు భూమియైన మిగులును. నేతగానికి మిగులునది ఖాళీ మగ్గము, సాహుకారు ఖాతాలోని బాకీ.

ఇట్టివాని కడకు ఒక క్రొత్త పనిముట్టు వచ్చినదనుకొనుడు. వా డేమి చేయును? ఇందులకు చరిత్రలో చక్కని నిదర్శనము కలదు.

పూర్వపు గుంటమగ్గముపై నేతగాడు నాడెను ఒక చేతినుండి విసరి రెండవ చేత పట్టుకొనవలెను. చేయి చాచినంత మేరయే బట్ట వెడల్పు. అంతకు మించిన వెడల్పు కావలెనన్న మగ్గమునకు అటొకడు ఇటొకడు ఇరువురు కూర్చుండవలసి యుండెను. 1733లో జాన్ కే అను ఆంగ్లేయుడు ఎగిరెడు నాడెను కల్పించెను. త్రాడు లాగినంతనే నాడె ఈ కొననుండి ఆ కొనకు పరుగెత్తును. ఒక్కడే వెడల్పు బట్ట నేయగలడు. పని యించుమించు రెండింత లగును. మన దక్షిణదేశమున మంగళూరునందలి బాసెల్ మిషనువారు గడచిన శతాబ్దికి ముందు శతాబ్ది మధ్యమున తమ నేతశాలలలో యూరపు పద్ధతి మగ్గములను ప్రవేశపెట్టిరి. మదరాసు ప్రభుత్వపు కొలువులో నుండిన ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ ఈ నాడెను నేతగాండ్రకు నేర్పదలచి 1906లో సేలమునందు ప్రభుత్వపు నేతశాల నొకదానిని నడిపించెను. నాడె మేలైనదని యచట ఋజువైనది. కాని నేతగాండ్రు తమ యిల్లు వాకిలి విడిచి, గంటకొట్టినపుడు వచ్చి గంటకొట్టినపుడు పోవు కర్మాగారపు పనికి ఇష్టపడలేదు. ప్రభుత్వము స్వయముగా పరిశ్రమలు నడపుటకు లండనులోని భారతమంత్రి మార్లే ప్రభువు సమ్మతింపకుండుటచే 1910లో ఆ ప్రయత్నము ముగిసెను.

ఆ కాలపు అధికారులలో పలువురు, నేతగాడు మొండివాడు, తాతలనాటి పద్ధతి విడువడు అని నిందించిరి. ఆ నింద న్యాయమా? వాని లెక్క మనమును వేసి చూతము. దినమునకు నాలుగు గజములు నేయువాడు ఎగిరెడు నాడెతో ఎనిమిది గజములు నేసెననుకొందము. రెండింతలు నేయవలెనన్న రెండింతలు నూలు కావలెను. ఆ నూలు తెచ్చుట కేది డబ్బు? సాహుకారే మఱల అరువీయవలెను. అనగా పనిముట్టు మారినంతనే అప్పు రెండింత లగును. నేసిన బట్ట రెండింతలైనపుడు, దానిని కొను సాహుకారు గజమునకు కూలి తగ్గించినచో అడ్డుచెప్పువాడు లేడు. ఏలన నూలిచ్చువాడును అతడే, బట్ట తీసికొనువాడును అతడే, బాకీ వ్రాయువాడును అతడే. క్రొత్త నాడెకు చేయి అలవాటుపడు నెలరోజులలో పోగులు తెగి నూలు పాడైనచో ఆ నష్టము నేతగానిదే. కలిసివచ్చినచో లాభ మితరులకు, కలిసిరానిచో నష్టము తనకు. ఇట్టి బేరమును కాదన్నవానిని మొండివాడనుట తగదు. వాడు లెక్క తెలిసినవాడు.

కావున చిన్న పరిశ్రమకు మూడు విధములైన ధనము కావలెనని గ్రహింపవలెను. మొదటిది పనిముట్టు కొను ధనము. రెండవది ముడిసరుకు తెచ్చు ధనము. మూడవది, సరుకు తయారైన నాటినుండి అమ్ముడుపోవు నాటి వఱకు ఇంటిల్లిపాదికిని గంజిపోయు ధనము. దీనిని నేను ఓర్పుధన మందును. మనవారు సాధారణముగ మొదటిదానినే లెక్కించి, మగ్గము కొనియిచ్చితిమి గదా యని చేతులు దులుపుకొందురు. రెండవది లేక మగ్గము ఖాళీగ నుండును. మూడవది లేక నేసిన బట్టను వచ్చిన ధరకే తెగనమ్ముకొందురు. ఈ మూటికిని తోడు, ప్రయోగము విఫలమైనచో నష్టమును పంచుకొను తోడు మనుష్యులు కావలెను. వీరు లేక యే నూతన పద్ధతియు పల్లెలో నిలువదు.

ఈ తోడును ఎచటనుండి తేవలెనను ప్రశ్నకు అన్యదేశముల పేదలు ముందుగ సమాధానము వెదకిరి. 1844లో ఇంగ్లండునందలి రోచ్‌డేల్ పట్టణమున ఇరువదియెనిమిది మంది, వారిలో కొందఱు ఉన్ని నేయువారు, తలకొక్క పౌను చొప్పున కూర్చి, ఆ ఇరువదియెనిమిది పౌనులతో ఒక చిన్న అంగడి పెట్టిరి. డిసెంబరు 21వ తేదీ రాత్రి తలుపు తెఱచినపుడు అందుండినవి పిండి, వెన్న, చక్కెర, క్రొవ్వొత్తులు మున్నగు కొద్ది సరకులు మాత్రమే. అరువు లేదు, తూకములో మోసము లేదు, లాభము సభ్యులు కొన్నదానిని బట్టి వారికే పంచబడును. జర్మనీలో రైఫైజెన్ అను గ్రామాధికారి 1846-47 నాటి ఆకలిచలిలో పేదలకు ధాన్యము సమకూర్చుటతో మొదలిడి, క్రమముగ గ్రామ ఋణసంఘములను స్థాపించెను. ఒకరి నొకరు ఎఱిగిన చిన్న గ్రామము, అందఱు అందఱికి హామీ, పనికివచ్చు కార్యమునకే అప్పు: ఇవి యతని సూత్రములు. మదరాసు ప్రభుత్వము పంపగా ఫ్రెడరిక్ నికల్సన్ ఈ పద్ధతులను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటములుగ నివేదిక వ్రాసెను. దాని ఫలముగ 1904లో సహకార ఋణసంఘముల చట్టము వచ్చెను. ఆ చట్టము అప్పులకు మాత్రమే యుపకరించెను. 1912 నాటి చట్టము ఉత్పత్తికి, విక్రయమునకు కూడ సంఘములు పెట్టుకొనుటకు దారి తీసెను. నేతగానికి కావలసినది ఈ రెండవదియే.

పరిశ్రమలకు ప్రభుత్వమే అప్పులిచ్చుటకు మదరాసు శాసనసభ 1922లో ఒక చట్టము చేసినమాట నిజము. కాని అట్టి ఋణమునకు ఆస్తి హామీ చూపవలెను. గుంటమగ్గము, పూరిల్లు తప్ప వేఱొండు లేనివానికి అది అందని మ్రానిపండు. 1934లో భారతప్రభుత్వము చేనేతకై ఏటేట కొంత గ్రాంటు నిచ్చుటకు పూనుకొనెను. 1935లో మదరాసున చేనేత సంఘములన్నిటికి మీది సంఘముగ ఒక రాష్ట్రీయ సంఘ మేర్పడెను. నూలు టోకుగ తెప్పించుట, బట్ట దూరపు బజారులలో అమ్మించుట దాని యుద్దేశము.

ఈ యదనున, 1938లో, ఎమ్మిగనూరునందు చేనేత సహకార సంఘము స్థాపితమైనది. ఆకాశవాణి మదరాసు కేంద్రము వెలసినదియు ఆ సంవత్సరము జూను నెలలోనే. సంఘస్థాపకులు శ్రీ మాచాని సోమప్పగారు. ఆయన సేవను గుర్తించి భారతప్రభుత్వము 1954లో, పద్మ పురస్కారము లారంభమైన యేటనే, పద్మశ్రీ బిరుదము నొసగెను. ఇంతటి గౌరవము ఒక చిన్న యూరి నేతసంఘపు పనికి లభించుట మన సీమ కెల్ల గర్వకారణము.

ఉత్పత్తి విక్రయ సంఘము పనిచేయు తీరు వినుడు. నేతగాడు కొంచెము ధనమిచ్చి వాటా తీసికొనును. అందఱి వాటాలు చేరి మూలధన మగును. ఆ మూలధనమును చూపి సంఘము సహకార బ్యాంకునుండి అప్పు తెచ్చును. ఒక్కొక్కరికి పుట్టని అప్పు నూర్గురికి పుట్టును. ఆ సొమ్ముతో నూలు టోకుగ కొని సభ్యులకు తూచి యిచ్చును. నేసిన బట్ట తెచ్చినవెంటనే కూలి చేతికిచ్చును. బట్ట అమ్ముడుపోవు వఱకు కనిపెట్టుకొనియుండు భారము నేతగాని తలనుండి సంఘపు తలకు మారును. ఏటి చివర లాభము మిగిలినచో కొంత నిధిగ నిలిపి, కొంత సభ్యులకు పంచును. ఇందు మనము చెప్పుకొన్న మూడు ధనములును ఉన్నవి. అన్నిటికంటె ముఖ్యమైనది, సాహుకారు చేతిలో నుండిన మూడు అధికారములు, నూలిచ్చుట, ధర కట్టుట, బాకీ వ్రాయుట, బహిరంగమైన లెక్కల క్రిందికి వచ్చినవి.

ఆ పిమ్మట నూతన పద్ధతులు నెలకొనుటకు వీలు చిక్కినది. ఎమ్మిగనూరు నేత దుప్పట్లకు, తువ్వాళ్లకు, తెరగుడ్డలకు పేరు వహించెను. దుప్పటి వెడల్పు బట్ట. అట్టి బట్టను ఒక్కడే నేయవలెనన్న ఎగిరెడు నాడెయే శరణ్యము. క్రొత్త రకము, క్రొత్త రంగు, క్రొత్త వెడల్పు ప్రయత్నించువాడు మొదటి పది దుప్పట్లు అమ్ముడుపోకున్నను పస్తుండనక్కఱలేదని తెలిసినపుడే చేయి సాచి ప్రయత్నించును. పూర్వము మొండివాడని నిందపడినవాని మనుమడే క్రొత్త దానిని చేపట్టెను. మనిషి స్వభావము మారలేదు. నష్టము మోయు తీరు మారినది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున నూలు దొరకుట దుర్లభమై, 1943లో బట్టకును నూలుకును కంట్రోలు వచ్చెను. అట్టి దినములలో విడిగ నున్న నేతగానికంటె, పంపిణీ పొందుటకు సంఘము గలవాడు మేలు. స్వాతంత్ర్యానంతరము 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడెను. 1953లో పార్లమెంటు మిల్లుబట్టపై గజమునకు మూడు పైలు, అనగా పావు అణా, అదనపు సుంకము విధించి, ఆ రాబడిని ఖద్దరునకును చేనేతకును వినియోగించెను. చిన్నవాని మూలధనమునకు పెద్దవాని రాబడినుండి కొంత పాలు తీయుట న్యాయమని దేశ మంగీకరించిన ఘట్ట మది.

అయినను కథ అంతయు జయగాథ యని నేను చెప్పజాలను. చెప్పినచో మీకు మేలు చేసినవాడను కాను. మరమగ్గములు పెరిగినవి. చేతిమగ్గమునకు కొన్ని రకముల బట్టలను ప్రత్యేకించుచు 1985లో చట్టము వచ్చినను, పోటీ ఆగలేదు. దేశమున 1987-88లో సుమారు 39 లక్షలుండిన చేతిమగ్గములు 2009-10 నాటికి సుమారు 24 లక్షలకు దిగినవి. మన రాష్ట్రమున 1976లో ఆప్కో యేర్పడి సంఘముల బట్టను కొనుచుండుట మేలే యైనను, దానితో పాటొక రోగమును వచ్చెను. పలు సంఘములు ఒక్క కొనుగోలుదారునే నమ్ముకొని, బజారు ఏమి కోరుచున్నదో విచారించుట మఱచినవి. బట్ట గిడ్డంగులలో నిలిచినపుడు, బాకీలు వసూలు కానపుడు, ఓర్పుధనము మఱల నేతగాని నెత్తినే పడెను. సాహుకారు స్థానమున సర్కారు కూర్చున్నంత మాత్రమున బంధము తెగదు. సంఘము తన సొంత నిధిని, సొంత బజారును పెంచుకొనినపుడే తెగును. ఈ సత్యమును గుర్తించి 1995లో మన రాష్ట్రము పరస్పర సహాయ సహకార సంఘముల చట్టమును చేసెను. ప్రభుత్వపు వాటాధనము లేకుండ, ప్రభుత్వపు ఆజ్ఞ కెదురుచూడకుండ, సభ్యులే తమ సంఘమును నడుపుకొనుటకు అది వీలు కల్పించెను.

ఆ దినములలోనే ఈ తలంపు మన జిల్లా స్త్రీలయందు మఱల మొలకెత్తెను. 1992లో నాబార్డు పొదుపు సంఘములను బ్యాంకులకు జతపఱచు ప్రయోగము నారంభించెను. కొన్నియేండ్లకు ఐక్యరాజ్యసమితివారి పేదరిక నిర్మూలన కార్యక్రమము కర్నూలు జిల్లాకు వచ్చినపుడు, ఓర్వకల్లు మండలపు స్త్రీలు చిన్న చిన్న పొదుపు సంఘములుగ చేరి, వానినన్నిటిని మండల సమాఖ్యగ కూర్చుకొనిరి. కూలి డబ్బులో మిగిల్చిన కొద్దిపాటి సొమ్మే వారి మొదటి మూలధనము. రోచ్‌డేల్ నేతగాండ్ర పౌనునకును, ఓర్వకల్లు స్త్రీల రూపాయికిని దూర మధికమైనను గుణ మొక్కటే. తమ సొమ్ము అందున్నది గనుక ప్రతియొక్కరును లెక్క యడుగుదురు. లెక్క యడుగుదురు గనుక బ్యాంకు నమ్మును.

నేటి కాలమున అప్పు దొరకు ద్వారములు పూర్వమంత మూసియుండలేదు. 2008లో ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకము, 2015లో ముద్రా ఋణములు వచ్చినవి. ముద్రా ఋణమునకు ఆస్తి తాకట్టు అడుగరాదని నియమము. 1922 నాటి నేతగాని కిట్టి ద్వారము లేకుండెను. అయినను ద్వారము తెఱచియుండుట వేఱు, లోపలికి పోయినవాడు క్షేమముగ వెలుపలికి వచ్చుట వేఱు. మీ పాత్ర యచటనే.

చరిత్ర చెప్పిన మూడు మాటలను మీకు మనవి చేసెదను. మొదటిది: క్రొత్త పని పెట్టువాడు వచ్చినపుడు పనిముట్టు ధర యొక్కటియే అడుగక, ముడిసరుకున కెంత, అమ్ముడుపోవు వఱకు బ్రతుకుట కెంత యని మూడు లెక్కలును అడుగుడు. మూడవ లెక్క వేయనివానిని ఇంకొక నెల ఆలోచింపుమని పంపుడు. రెండవది: ఊరి సంఘము ఏదైనను, దాని మిగులులో చిన్న భాగమును ప్రయోగనిధిగ వేఱుచేయింపుడు. క్రొత్త దానిని ప్రయత్నించి ఓడినవాని నష్టములో కొంత అది మోయవలెను. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి నాగలదిన్నె మున్నగు గ్రామములు మునిగిన సంగతి మీకు జ్ఞాపకమే. నేలలో త్రవ్విన గుంటమగ్గమునకు నీరు చేరినచో పడుగంతయు పాడగును. అట్టి దినమునకును ఆ నిధి అక్కఱకు వచ్చును. అప్పుగా తెచ్చినది నిధి కాదు; మిగిల్చి దాచినదే నిధి. మూడవది: సంఘపు జమాఖర్చులను ఏటికొక్కసారి చావడిలో పైకి చదివింపుడు. చదువురానివారికి సైతము వినబడవలెను. పెద్దలలో ఒకరిని మాత్రమే నమ్ముకొనిన సంఘము వారి వెనుక నిలువదు కనుక, లెక్క వ్రాయుట ప్రతి తరమునను ఇద్దఱు పిన్నవారికి నేర్పింపుడు.

ఓడిపోయినవానిని ఊరు నవ్వినచో, ప్రక్కయింటివాడు మఱల ప్రయత్నింపడు. ఒక్కని నవ్వుటచే పదిమంది చేతులు కట్టివేయబడును. నష్టములో పాలుపంచుకొనిన యూరికే లాభములో పాలు పొందు హక్కు గలదు. 1938లో ఎమ్మిగనూరు నేతగాండ్రు తలకొక వాటా వేసికొని చేసినది ఈ యొప్పందమే. రేపు మీ గుమ్మము ముందర నిలువబోవు యువకుడో, యువతియో కోరునదియు ఇదియే. వారికి హామీ సంతకము పెట్టుటకు ముందు లెక్క అడుగుడు. లెక్క సరియైనచో సంతకము పెట్టుటకు వెనుదీయకుడు.